పాత కారు వెనుక దీపంలో బల్బు హోల్డరు పాడైతే: గొట్టాన్ని ఉంచుకోండి, లోపలిది మార్చండి

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. కారు వయసు దాదాపు 40 ఏళ్ళు. వెనుక కుడివైపు దీపంలో బ్రేకుకూ పార్కింగుకూ కలిపి ఒకే బల్బు ఉంది. బ్రేకు తొక్కినప్పుడు అది ఒకసారి వెలుగుతుంది, ఒకసారి వెలగదు, వేలితో కదిపితే మళ్ళీ వస్తుంది. హోల్డరు లోపల పచ్చని చిలుము పట్టింది. ఆ దీపం తయారీ ఎప్పుడో ఆగిపోయింది, హోల్డరును విడిగా ఏనాడూ అమ్మలేదు. కాబట్టి అచ్చం అలాంటిదే ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

అచ్చం అలాంటిదాని కోసం వెతకడం ఆపేయమన్నదే నా మొదటి సలహా. హోల్డరు అని మనం పిలిచే వస్తువు నిజానికి మూడు ముక్కలు: బల్బు పిన్నులు తిరిగి బిగుసుకునే లోహపు గొట్టం, దాని అడుగున ఒక స్ప్రింగు, ఆ స్ప్రింగు మీద కూర్చుని ముందుకూ వెనక్కూ జరిగే ఫైబరు లేదా బేకలైటు బిళ్ళ. తీగలు వచ్చి అతికేది ఈ బిళ్ళకే, బల్బు అడుగును తాకే బొడిపెలు ఉండేదీ దీని మీదే. మీ కారుకు మాత్రమే ప్రత్యేకమైనది బయటి గొట్టం, ఎందుకంటే దానిని ఆ దీపపు రిఫ్లెక్టరుకు సరిపోయేలా నొక్కి బిగించారు. లోపలి స్ప్రింగు, బిళ్ళ మాత్రం బల్బును బట్టి ఉంటాయి, బల్బు అంతటా ఒకే ప్రమాణంలో ఉంటుంది. వయసుతో చచ్చిపోయేది చాలావరకు ఈ లోపలి భాగమే. గొట్టం బతికి ఉన్నంతకాలం కారు పేరుతో వెతకవలసిన పని లేదు, బల్బు అడుగు పేరుతో వెతికితే చాలు.

ఆ అడుగు ఏదో ముందు నిర్ధారించుకోండి. 15 మిల్లీమీటర్ల వ్యాసం, అడుగున ఒకే బొడిపె, ఎదురెదురుగా ఒకే ఎత్తులో రెండు పిన్నులు ఉంటే అది బీఏ15ఎస్. ఇండికేటరు, రివర్సు దీపాలలో సాధారణంగా ఉండేది ఇదే. మీరు చెప్పినట్టు బ్రేకుకూ పార్కింగుకూ ఒకే బల్బు అయితే దాని లోపల రెండు ఫిలమెంట్లు, అంటే వెలిగే సన్నని తీగలు, ఉంటాయి. అలాంటి బల్బుకు అడుగున రెండు బొడిపెలు ఉంటాయి, పిన్నులలో ఒకటి రెండోదానికంటే సుమారు 3 మిల్లీమీటర్లు ఎత్తు తేడాతో ఉంటుంది. దాని పేరు బీఏవై15డి. బల్బును అటుదిటు తిప్పి పెట్టే వీలు లేకుండా ఉండాలన్నదే ఆ తేడాకు కారణం. రెండు బొడిపెలు ఉండి పిన్నులు ఒకే ఎత్తులో ఉండే బీఏ15డి మరొకటి. చూడటానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కొనేటప్పుడు పొరపాటు పడేది ఇక్కడే. పసుపు రంగు ఇండికేటరు బల్బు అయితే పిన్నులు పూర్తిగా ఎదురెదురుగా కాక 150 డిగ్రీల కోణంలో ఉండవచ్చు, అది బీఏయూ15ఎస్. అమెరికా కార్ల పుస్తకాలలో 1156, 1157 అన్న సంఖ్యలూ, బ్రిటిష్ పుస్తకాలలో 382, 380 అన్న సంఖ్యలూ కనిపిస్తాయి. రెంటిలోనూ మొదటిది ఒక ఫిలమెంటుది, రెండోది రెండు ఫిలమెంట్లది. ఇవి బల్బు సంఖ్యలే అయినా, హోల్డరు వెతకడానికి కారు మోడలు కంటే ఇవే ఎక్కువ పనికొస్తాయి.

అయితే ఏదైనా విప్పే ముందు, తప్పు హోల్డరులోనే ఉందని రుజువు చేసుకోండి. మల్టీమీటరును నిరోధం కొలిచే ఓముల మీద పెట్టి చూస్తే ఈ తప్పు సాధారణంగా పట్టుబడదు. ఎందుకో లెక్క చెబుతాను. 12 వోల్టుల దగ్గర బ్రేకుకు వెలిగే 21 వాట్ల ఫిలమెంటు 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే వేడెక్కినప్పుడు దాని నిరోధం దాదాపు 7 ఓములు. చిలుము పట్టిన బొడిపె దగ్గర ఒక్క ఓము అదనంగా చేరిందనుకోండి. మీటరులో ఆ ఒక్క ఓము పెద్దగా కనిపించదు, మీటరు తీగల నిరోధంలోనే కలిసిపోతుంది. కానీ దీపం వెలిగినప్పుడు ఆ అతుకు దగ్గరే సుమారు ఒకటిన్నర వోల్టులు పోతాయి. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజికి దాదాపు 3.4 ఘాతంలో మారుతుంది కాబట్టి, 12కు బదులు పదిన్నర వోల్టులు అందితే మూడో వంతుకు పైగా వెలుగు తగ్గుతుంది. అంతేకాక ఆ చిన్న అతుకులో రెండు వాట్లకు మించిన వేడి పుడుతుంది. ఆ వేడి స్ప్రింగును మెత్తబరుస్తుంది, మెత్తబడిన స్ప్రింగు బొడిపెను గట్టిగా ఒత్తలేదు, ఒత్తిడి తగ్గితే నిరోధం ఇంకా పెరుగుతుంది. మీ హోల్డరు ఈ చక్రంలోనే పడి ఉంటుంది. 6 వోల్టుల కార్లలో, అంటే 1960ల మధ్య వరకు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వంటి వాటిలో, అదే వాట్లకు కరెంటు రెట్టింపు కావాలి, కనుక అదే ఒక్క ఓము అక్కడ దీపాన్ని దాదాపు ఆర్పేస్తుంది.

అందువల్ల కొలవవలసింది నిరోధాన్ని కాదు, దీపం వెలుగుతుండగా ఎక్కడెక్కడ ఎంత వోల్టేజి పోతోందో దానిని. మీటరును డీసీ 20 వోల్టుల మీద ఉంచి, ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని, ఒక మొనను బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోదానిని హోల్డరు గొట్టం మీద పెట్టండి. అక్కడ 0.1 లేదా 0.2 వోల్టులు దాటితే ఎర్తు, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి, బాగాలేదని అర్థం. ఆ తరువాత బ్యాటరీ పాజిటివ్ నుంచి, బిళ్ళ వెనుక బ్రేకు తీగ చేరే చోటికి కొలవండి. పాత తీగలు, పాత స్విచ్చులు అన్నీ కలిపి అర వోల్టు వరకు నేను ఒప్పుకుంటాను, అంతకు మించితే తప్పు హోల్డరు కంటే వెనుక ఎక్కడో ఉంది. ఈ రెండు కొలతలూ బాగుండి, దీపం మాత్రం మసకగా ఉంటే ఇక మిగిలింది బొడిపె, బల్బు కలిసే చోటే. నేను చెప్పిన కొలతలు నెగెటివ్ ఎర్తు ఉన్న కార్లకు, అంటే బ్యాటరీ నెగెటివ్‌ను బాడీకి కలిపిన వాటికి. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో పాజిటివే ఎర్తు, అక్కడ మొనలను తారుమారు చేసుకోవాలి.

ఎర్తు పోయిన దీపం మరొక విధంగా కూడా బయటపడుతుంది. బ్రేకు తొక్కినప్పుడు పక్కనున్న దీపాలు సన్నగా వెలగడమో, ఇండికేటరుతో పాటు పార్కింగ్ దీపం కూడా కొట్టుకోవడమో జరుగుతుంది. తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయిన కరెంటు పక్క ఫిలమెంటు గుండా దారి వెతుక్కుంటుందన్నమాట. ఇలాంటి లక్షణం ఉంటే హోల్డరు మార్చడం వృథా. గొట్టాన్ని దీపపు రేకుకు పట్టి ఉంచే బోలు రివెట్టునూ, దీపాన్ని బాడీకి బిగించే మరలనూ చూడండి. రివెట్టు గట్టిగానే ఉన్నట్టు కనిపిస్తుంది, కాని దాని కింద తుప్పు పొర చేరి ఉంటుంది. గొట్టానికి ఒక ఎర్తు తీగను నేరుగా అతికి, బాడీ మీద శుభ్రంగా గీకిన లోహానికి బిగిస్తే ఈ తలనొప్పి శాశ్వతంగా పోతుంది. నేను ఏ పాత దీపాన్ని విప్పినా, అవసరం ఉన్నా లేకపోయినా, ఈ తీగ వేయకుండా మూయను.

తప్పు లోపలే అని తేలాక మొదట శుభ్రం చేసి చూడవచ్చు. బ్యాటరీ నెగెటివ్ తీసి, బల్బును లోపలికి నొక్కి ఎడమవైపు తిప్పి తీయండి. అది పట్టేసి ఉంటే తుప్పు వదిలించే నూనె వేసి కొన్ని గంటలు ఆగండి, గుడ్డ చుట్టకుండా గాజును పట్టుకోకండి. చిలుమును చిన్న ఇత్తడి బ్రష్షుతోనో గాజుపీచు పెన్నుతోనో గీకవచ్చు. గొట్టం లోపలి గోడకు పాత బల్బు అడుగు చుట్టూ సన్నని ఎమిరీ కాగితం చుట్టి తిప్పడం తేలికైన పద్ధతి. వెనిగరు గానీ నిమ్మ ఉప్పు నీరు గానీ వాడితే ఆ తరువాత వంటసోడా నీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, లేకుంటే మిగిలిన ఆమ్లమే మళ్ళీ చిలుము పట్టిస్తుంది. ఆరాక బల్బు పెట్టి చూడండి: లోపలికి నొక్కేటప్పుడు వేలికి స్ప్రింగు ఎదురు తగలాలి, బిగిశాక బల్బు ఊగకూడదు. ఊగితే ఎంత మెరిసేలా తోమినా మూడు నెలల్లో మళ్ళీ ఇదే స్థితికి వస్తారు. వేలితో కదిపితే వెలుగుతోందని మీరు రాశారు కాబట్టి, మీ దాంట్లో స్ప్రింగు అలిసిపోయిందనే నా అంచనా.

ఇక అసలు పని. తీగలతో సహా వచ్చే మామూలు బీఏవై15డి హోల్డరు ఒకటి కొనండి. ట్రెయిలర్లకు, ట్రాక్టర్లకు, పడవలకు, మోటారు సైకిళ్ళకు అమ్మేదైనా ఫరవాలేదు, మనకు కావలసింది దాని లోపలి భాగమే. కొన్నాక తీగలను గట్టిగా లాగి చూడండి. చవకరకం వాటిలో తీగ బొడిపె దగ్గర ఒకటి రెండు పోగులతోనే వేలాడుతుంది. అలాంటిది దొరికితే బొడిపె దగ్గర మీరే మళ్ళీ టంకం వేసుకోవచ్చు, లేదా తిరిగి ఇచ్చేయవచ్చు.

పాత హోల్డరులో బిళ్ళ ఏ దిక్కుకు కూర్చుని ఉందో గొట్టం అంచు మీద సన్నని గీతతో గుర్తు పెట్టుకోండి. పార్కింగుకు ఏ తీగ, బ్రేకుకు ఏ తీగ అన్నది కాగితం మీద రాసుకోండి, పాత కారులో రంగులు వెలిసిపోయి అన్నీ గోధుమరంగులో కనిపిస్తాయి కాబట్టి కంటిని నమ్మకండి. తీగలను హోల్డరు నుంచి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో కత్తిరించండి, అతుకు వేయడానికి తరువాత చోటు ఉండాలి. అప్పుడు సన్నని ముక్కు పటకారుతో బిళ్ళను గొట్టం నోటి వైపు లాగితే, స్ప్రింగు, తీగలతో సహా ముందుకు వచ్చేస్తుంది. కొన్నింటిలో బిళ్ళను ఆపడానికి గొట్టం గోడలో చిన్న నొక్కులు ఉంటాయి, వాటిని వెనక్కి ఒత్తితే చాలు. కొత్త హోల్డరు నుంచి కూడా ఇలాగే లోపలి భాగాన్ని తీసి, తీగలను పాత గొట్టం నోటి నుంచి వెనుక రంధ్రం గుండా దూర్చి, స్ప్రింగునూ బిళ్ళనూ లోపలికి నెట్టండి.

ఇక్కడ తొందరపడకూడని చోటు ఒకటి ఉంది. బిళ్ళ ముందుకూ వెనక్కూ హాయిగా జరగాలి, కాని గుండ్రంగా తిరగకూడదు. తిరగకుండా ఆపేది బిళ్ళ అంచున ఉన్న గాడి, గొట్టం లోపలున్న గట్టు. కొత్త బిళ్ళ గాడి పాత గట్టుకు కలవకపోతే చిన్న ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి కలపాలి. ఎక్కువ అరిగిస్తే బిళ్ళ తిరిగి, ఒక బొడిపె బల్బు రెండు బొడిపెలనూ ఒకేసారి తాకుతుంది. అప్పుడు పార్కింగ్ వేసినా బ్రేకు ఫిలమెంటు వెలుగుతుంది. బల్బు బిగించి, వెంటనే తీసి, దాని సీసపు బొడిపెల మీద పడిన కొత్త గీతలు మధ్యలో ఉన్నాయో లేదో చూసుకుంటే బిళ్ళ సరిగ్గా కూర్చుందని తెలుస్తుంది.

శాశ్వతంగా అతకడానికి ముందు తీగలను తాత్కాలికంగా మెలిపెట్టి పరీక్షించండి. రెండు తీగలూ తారుమారైతే పార్కింగుకు 5 వాట్లకు బదులు 21 వాట్లు వెలుగుతాయి. రాత్రంతా ఆ వేడికి ప్లాస్టిక్ అద్దం ఉబ్బుతుంది, బ్రేకు తొక్కితే వెనుకవాళ్ళకు తేడా తెలియదు. పాత తీగల రంగులు ఇంకా కనిపిస్తుంటే అవీ కొంత సాయం చేస్తాయి. బ్రిటిష్ పద్ధతిలో నలుపు ఎర్తు, ఎరుపు పార్కింగ్, ఆకుపచ్చ మీద ఊదా గీత బ్రేకు. జర్మన్ పద్ధతిలో గోధుమరంగు ఎర్తు, నలుపు మీద ఎరుపు గీత బ్రేకు. రంగు ఏదైనా టెస్టు దీపంతో ఒకసారి నిర్ధారించుకోవడం మంచిది, మీకంటే ముందు ఈ కారును ముట్టుకున్నవారు ఏ రంగు తీగ చేతికి దొరికితే ఆ రంగు వేసి ఉండవచ్చు.

అతుకు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: టేపు చుట్టిన మెలిక అతుకు కాదు. మంచి పనిముట్టుతో నొక్కిన గొట్టపు కనెక్టరు గానీ, టంకం గానీ, ఏదైనా సరే, దాని మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం, అంటే వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం, ఉండాలి. ఆ గొట్టాన్ని అతకడానికి ముందే తీగ మీదకు ఎక్కించుకోవడం మరిచిపోతే మళ్ళీ మొదటికి రావాలి, ఇది తెలియనివారు ఎవరూ లేరు, మరిచిపోనివారూ లేరు. రెండు తీగల అతుకులూ ఒకే చోట పడకుండా కొంచెం ఎడంగా వేయండి. టంకం బాగా అంటుకోవడానికి రాసే ఫ్లక్సు రాజనం (రోజిన్) రకానిదే వాడాలి. నీటి గొట్టాలకు వాడే ఆమ్లపు ఫ్లక్సు తీగ పోగుల లోపలికి పాకి, ఏడాది తిరిగేసరికి వాటిని తినేస్తుంది.

గొట్టమే తుప్పుకు చిల్లులు పడి ఉంటే పని పెరుగుతుంది, కాని అసాధ్యం కాదు. అప్పుడు కొత్త హోల్డరు మొత్తాన్నీ వాడాలి. పాత గొట్టం రిఫ్లెక్టరు గుండా వెళ్ళే చోట బయటి వ్యాసాన్ని వెర్నియరుతో కొలిచి, దానికి సమానమైనదో కొంచెం చిన్నదో తెచ్చుకోండి. పెద్దది తెచ్చి రంధ్రాన్ని పెంచడం చివరి మార్గంగానే ఉండాలి. పాతదానిని తీయక ముందే, బల్బు పిన్ను రిఫ్లెక్టరు అంచుకు ఎంత లోతులో ఉందో కొలిచి రాసుకోండి. 21 వాట్ల బల్బులో పిన్ను నుంచి ఫిలమెంటు 31.8 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, రిఫ్లెక్టరును ఆ బిందువును లెక్కలో పెట్టుకుని తయారు చేశారు. కొత్త గొట్టం నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికో బయటికో కూర్చుంటే దీపం వెలుగుతుంది గానీ, దూరం నుంచి చూస్తే అద్దం మధ్యలో ఒక మచ్చలా మాత్రమే కనిపిస్తుంది.

కొత్త గొట్టాన్ని నిలపడానికి అంచును సన్నగా విప్పార్చి కొట్టడం అన్నిటికంటే మంచిది. అది కుదరకపోతే చిన్న ఇత్తడి కోణాలు, రివెట్లు వాడవచ్చు. వేడిని తట్టుకునే ఎపాక్సీ కూడా పనిచేస్తుంది. నేను తొలిసారి ఎపాక్సీతో ఒక హోల్డరును ఎంతో అందంగా నిలబెట్టి, దీపం ఎందుకు వెలగలేదో తెలియక ఒక సాయంత్రమంతా ఫ్యూజులు తిరగేశాను. గొట్టానికీ రిఫ్లెక్టరుకూ మధ్య చక్కని ఎపాక్సీ పొర, అంటే చక్కని ఇన్సులేషను, నేనే పోసిపెట్టాను. ఎపాక్సీ వాడితే ఎర్తు తీగ తప్పనిసరి.

మీ దీపం లోహపుది కాక, ప్లాస్టిక్ పలక మీద రేకు పట్టీలు పరిచిన రకమైతే ఈ పద్ధతి వర్తించదు. అక్కడ బల్బును పట్టేది ఆ పట్టీల నాలుకలే. అవి వేడికి ప్లాస్టిక్ మెత్తబడి వాలిపోతాయి. నాలుకను జాగ్రత్తగా ముందుకు వంచి, అరిగిన చోట చిన్న ఇత్తడి ముక్కను టంకంతో అతికితే బాగా నిలుస్తుంది, కాని ప్లాస్టిక్ మీద ఉండగా టంకం వేస్తే పలక కరుగుతుంది, పట్టీని విడదీసి వేయాలి. పలుచని ప్లాస్టిక్ మీద రాగి పొర ముద్రించి, పావు చుట్టు తిప్పి బిగించే హోల్డర్లు ఉన్నట్లయితే, తెగిన పొరకు సమాంతరంగా ఒక సన్నని తీగ వేయడమే సులువు. అటువంటి హోల్డర్లను త్రీడీ ప్రింటింగుతో చేసుకునేవారున్నారు. వారికి ఒక్క మాట: పీఎల్ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, బల్బు పక్కన అది పనికిరాదు. ఏఎస్ఏ, పాలీకార్బొనేటు వంటి, వేడికి ఎక్కువ తట్టుకునే ప్లాస్టిక్‌లు చూడాలి.

ఎల్ఈడీ బల్బు పెడితే హోల్డరు మార్చే పనే తప్పుతుందా అని కూడా అడిగారు. తప్పదు. వేడి తగ్గుతుందన్నది నిజమే, కాని ఎల్ఈడీ తీసుకునే కరెంటు చాలా తక్కువ, పలుచని చిలుము పొరను ఛేదించే శక్తి ఆ కరెంటుకు ఉండదు కాబట్టి చెడ్డ హోల్డరులో అది ఇంకా ఎక్కువగా మిణుకుమంటుంది. ఇండికేటరులో పెడితే, దానిని ఆర్పి వెలిగించే పాత ఫ్లాషరు రిలే, బల్బు పోయిందనుకుని వేగంగా కొట్టడమో, అసలు కొట్టకపోవడమో చేస్తుంది. ఎర్తు పాజిటివ్ అయిన కారులో ఫిలమెంటు బల్బుకు ఏ తేడా ఉండదు, మామూలు ఎల్ఈడీ మాత్రం వెలగదు.

అన్నీ బిగించాక పార్కింగ్, బ్రేకు, ఇండికేటరు మూడూ ఒకేసారి వేసి, మొదట కొలిచిన రెండు చోట్లా వోల్టేజిని మళ్ళీ కొలవండి. మూడూ కలిసి వెలిగినప్పుడు కూడా ఎర్తు వైపు 0.1 వోల్టు లోపే ఉండాలి. బల్బు అడుగుకు సిలికోను గ్రీజును పలుచగా రాయండి. అది కరెంటును మోయదు, తేమను ఆపుతుంది అంతే, స్ప్రింగు ఒత్తిడికి బొడిపె దానిని పక్కకు నెట్టి లోహాన్ని తాకుతుంది. కుక్కి పెడితే బలహీనమైన స్ప్రింగు ఆ గ్రీజు మీదే తేలుతుంది. చివరగా అద్దం చుట్టూ ఉన్న రబ్బరును చూడండి. హోల్డరులోకి నీరు దిగింది అక్కడి నుంచే అయి ఉంటుంది, రబ్బరు గట్టిపడి పగిలి ఉంటే దానిని మార్చకుండా దీపం మూయడంలో అర్థం లేదు. అద్దం కింది అంచున నీరు కారిపోవడానికి వదిలిన చిన్న రంధ్రాన్ని మాత్రం పూడ్చకండి. ఎడమవైపు దీపం కూడా ఇదే వయసుది, కాబట్టి కొనేటప్పుడే హోల్డర్లు రెండు తీసుకోండి.